పళ్లెములమీది పటాలములు

జానెడుకు కొద్దిగా మించిన వెడల్పుగల తెల్లని పింగాణి పళ్లెము. అంచు పొడుగునా మెరుగుపెట్టిన బంగారము. ఆ బంగారములో రెండు తలల గద్దలు, ఆకుల దండలు, కత్తులు, శిరస్త్రాణములు. నడుమ ఒక చిన్న లోకము. లేత నీలపు ఆకాశముక్రింద పచ్చికబయలు, దూరముగా గుడారములు, ముందు ముగ్గురు సైనికులు. ఒకడు గుర్రముమీద ఉన్నాడు; ఇద్దరు నేలమీద నిలిచి ఏదో ఊసులాడుకొంటున్నట్లున్నారు. వారి చొక్కాల గుండీలను లెక్కపెట్టవచ్చు. కాలరు రంగునుబట్టి ఏ పటాలమువారో చెప్పవచ్చు. ఎవరి చేతికీ నెత్తురు లేదు, ఎవరి బూటుకూ బురద లేదు. శత్రువు కనుచూపు మేరలో లేడు. పళ్లెమును వెనుకకు త్రిప్పితే మెరుగు పూతక్రింద నీలిరంగులో ఒక కిరీటము, దానిక్రింద చక్రవర్తి పేరు తొలి అక్షరము కనిపిస్తవి. పటాలము పేరు, చిత్రకారుని సంతకము, సంవత్సరము కూడా తరచుగా ఉంటవి.

రష్యాదేశపు సైనిక పళ్లెములని పురావస్తు ప్రియులు చెప్పుకొనేవి ఇవే. వీటికి పేరు తెచ్చినవాడు 1825 నుండి 1855 వరకు ఆ దేశమును ఏలిన మొదటి నికొలాస్ జారు. అతని చరిత్ర వ్రాయబూనినవారు శాసనములను, యుద్ధములను, ఉరికంబములను ముందు పెట్టుకుంటారు. అవన్నీ కావలసినవే. అయినా ఈ పళ్లెములను చేతికి తీసుకొని చూచినవారికి ఆ మనిషి మరికొంత దగ్గరగా కనిపిస్తాడు. అతడు కోరిన సైన్యము వీటిమీద ఉన్నది. అతడు నిజముగా నడిపిన సైన్యము వేరు.

నికొలాస్ 1796 జూన్ 25న జార్‌స్కొయె సెలోలో పుట్టినాడు. (ఇక్కడి తేదీలు ఆనాటి రష్యావారి పాత పంచాంగమువి.) నాయనమ్మ కాథరిన్ మహారాణి ఆ నవంబరులోనే మరణించినది. తండ్రి పాల్ సింహాసనమెక్కినాడు. ఎక్కిన వెంటనే నాలుగు నెలలు దాటిన పసిబిడ్డను అశ్వికాంగరక్షక పటాలమునకు అధిపతిని చేసి, కల్నల్ హోదా ఇచ్చినాడు. పాలబుగ్గలవానికి పటాలమిచ్చిన ఆ తండ్రి 1801 మార్చి రాత్రి ఒకనాడు తన సొంత కోటలోనే హత్యకు గురియైనాడు. చంపినవారు బయటివారు కారు, అంగరక్షక దళముల అధికారులు. నికొలాసుకు అప్పటికి నాలుగేండ్లు దాటి అయిదవయేడు నడుస్తున్నది.

చిన్నతనములో అతనికి తుపాకి చప్పుడంటే భయము. ఉరుమంటే భయము. బాణసంచా వెలిగితే దాగుకొనేవాడు. అతనిని పెంచినది జేన్ లయన్ అనే స్కాట్లాండు దాది. ఆమె చేతినుండి తప్పించి అతనిని జనరల్ లామ్స్‌డార్ఫు అనే గురువుకు అప్పగించినారు. లామ్స్‌డార్ఫు చదువు బెత్తము చదువు. కొలబద్దతోను, కర్రతోను రాజకుమారుని కొట్టేవాడు. భాషలు, నీతిశాస్త్రము, అర్థశాస్త్రము పిల్లవాని తలకెక్కలేదు. కోటల నిర్మాణము, గణితము, చిత్రలేఖనము మాత్రము ఎక్కినవి. బొమ్మలు గీయడములో అతనికి నిజమైన నేర్పు ఉండేది. పెద్దయిన తరువాత కూడా సైనికుల బొమ్మలు గీసి, రాగిరేకులమీద చెక్కి, రంగులు వేసేవాడు. తుపాకి ధ్వనికి చెవులు మూసుకొన్న పిల్లవాడు తుపాకి పట్టిన మనిషి రూపమును ప్రేమించినాడు. ఈ రెండింటికీ ఉన్న సంబంధము ఏదో తేల్చడము కష్టము. లేదనడము ఇంకా కష్టము.

1812లో నెపోలియను మాస్కోవరకు వచ్చినప్పుడు నికొలాసుకు పదహారేండ్లు. యుద్ధమునకు పోతానని ప్రాధేయపడినాడు. తల్లి ఒప్పుకోలేదు. చివరకు 1814లో అనుమతి దొరికి బయలుదేరేసరికి పారిస్ లొంగిపోయినది. మరుసటి యేడు షాంపేను ప్రాంతమున వెర్త్యూ మైదానములో రష్యా సైన్యము ఐరోపా రాజులయెదుట మహా ప్రదర్శన జరిపినప్పుడు నికొలాస్ కూడా తన దళముతో కవాతు చేసినాడు. అతని యౌవనము చూచిన యుద్ధము ఇదే. లక్షన్నర మంది ఒక్క అడుగుగా నడిచినారు. పోరు అయిపోయినది, ధూళి కూడా అణగిపోయినది.

1817లో ప్రష్యా రాజకుమారి షార్లొట్‌ను వివాహమాడినాడు. ఆమె తండ్రి మూడవ ఫ్రెడరిక్ విలియము కూడా కవాతు ప్రియుడే. బెర్లినులోని అతని పింగాణి కర్మాగారము ఆ రోజులలోనే వెల్లింగ్టన్ ప్రభువు జీవితఘట్టములను, విజయములను పళ్లెములమీద చిత్రించి అతనికి బహూకరించడానికి సిద్ధపరచినది. పింగాణిని కీర్తిపత్రముగా వాడడము ఆ కాలపు రాజులందరికీ తెలిసిన విద్య.

అన్న అలెగ్జాండరు 1825 నవంబరులో టాగన్‌రోగ్ పట్టణమున మరణించినాడు. రెండవ అన్న కాన్‌స్టాంటీన్ రాజ్యము వద్దని అంతకుముందే వ్రాసియిచ్చిన సంగతి రహస్యముగా ఉన్నది. ఆ గందరగోళములో డిసెంబరు 14న కొందరు యువ అధికారులు సుమారు మూడువేల మంది సైనికులను సెనేటు భవనము ముందు నిలిపి, కొత్త రాజుకు ప్రమాణము చేయమన్నారు. వారికి రాజ్యాంగము కావాలె. రైతుల దాస్యము పోవాలె. దారిలో నికొలాస్ ఒక గ్రెనేడియరు గుంపును కలుసుకొన్నాడు. వారు కాన్‌స్టాంటీన్ పక్షమని చెప్పగా, అయితే మీ చోటు అదిగో అని సెనేటు వైపు దారి చూపి ప్రక్కకు తొలగినాడు. చీకటిపడే వేళకు ఫిరంగులు పేల్పించినాడు. మరుసటి వేసవిలో అయిదుగురిని ఉరితీయించి, నూరుమందికి పైగా సైబీరియాకు పంపించినాడు. తండ్రిని చంపినదీ, తనమీద తిరగబడినదీ అంగరక్షక దళములవారే. తన జీవితములో అత్యంత ప్రియమైన దుస్తులు వేసుకొన్నవారే తనకు అత్యంత భయంకరులని అతడు రెండుసార్లు తెలుసుకొన్నాడు. ఆ దుస్తులను అతడు విడిచిపెట్టలేదు, ఇంకా బిగించినాడు.

సెంట్ పీటర్స్‌బర్గ్ నగరమునకు పైన, నెవా నది ఎడమ ఒడ్డున, 1744లో ఎలిజబెత్ రాణి స్థాపించిన పింగాణి కర్మాగారము ఉన్నది. చైనావారు, ఆ తరువాత మైసెన్ జర్మనులు దాచిపెట్టిన పింగాణి రహస్యమును రష్యాలో తన స్వయంకృషితో కనిపెట్టినవాడు ద్మిత్రి వినొగ్రాదొవ్. లొమొనొసొవ్‌కు సహాధ్యాయి. పారిపోతాడేమో, తాగుతాడేమో అని అతనిని కాపలాలో ఉంచి, గొలుసుకు కట్టి సూత్రములు వ్రాయించుకొన్నారు. 1758లో ముప్పై ఎనిమిదేండ్లకే చనిపోయినాడు. ఆ కర్మాగారపు పుట్టుకలోనే గొలుసు చప్పుడు ఉన్నదనుకోవచ్చు.

నికొలాస్ కాలములో అక్కడ పెద్ద పెద్ద కూజాలమీద హెర్మిటేజిలోని ప్రాచీన చిత్రములకు ప్రతులు వ్రాసేవారు. ఎడతెగకుండా సాగిన పని మాత్రము సైనిక పళ్లెములది. యేటా క్రిస్మసుకు, ఈస్టరు పండుగకు కర్మాగారమువారు తమ కొత్త వస్తువులను రాజప్రాసాదమునకు తెచ్చి చక్రవర్తి కుటుంబమునకు సమర్పించడము ఆచారము. మన ఇండ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చినట్లు, ఆ పండుగనాళ్లలో అక్కడ పింగాణి కొలువు తీరేది. అన్నము తినడానికి కాదు ఆ పళ్లెములు. చూచి మెచ్చుకొనడానికి, అద్దాల బీరువాలలో పెట్టుకొనడానికి, రాజబంధువులకు, గౌరవనీయులకు బహుమానముగా ఇవ్వడానికి.

ఒక పళ్లెము పుట్టుక సామాన్యమైనది కాదు. తెల్లమట్టి, చెకుముకిరాయి వంటి గట్టిరాయి, మరొక కరిగే రాయి మెత్తగా నూరి కలిపి, రూపు దిద్ది, ఆరబెట్టి ఒకసారి కాల్చాలె. మెరుగు పూత పెట్టి మళ్లీ, ఇనుము కరిగే వేడికి దగ్గరగా, ఆవములో కాల్చాలె. అప్పటికి అది తెల్లని పళ్లెము మాత్రమే. ఆపైన చిత్రకారుని వంతు. అతని రంగులు లోహముల భస్మములు. కాలకముందు ఒక వన్నె, కాలిన తరువాత మరొక వన్నె. కాల్చిన తరువాత ఏమగునో ఊహించుకొని, ఇప్పుడు కనిపించని రంగును ఇప్పుడే వేయాలె. తక్కువ వేడిలో కొన్నిసార్లు కాల్చితేగాని బొమ్మ నిలువదు. ఒక్కసారి వేడి హెచ్చితే నెలల పని బుగ్గి. చివరకు అంచుకు బంగారము పెట్టి నున్నని రాతితో రుద్ది మెరిపిస్తారు.

దానికి తోడు ఇక్కడ మరొక కష్టమున్నది. పూవు గీసే చిత్రకారునికి రేకు ఒకటి ఎక్కువైనా అడిగేవాడు లేడు. సైనికుని గీసేవానికి ఆ వెసులుబాటు లేదు. ప్రియొబ్రజెన్‌స్కీ పటాలపువాని కాలరు ఎర్రనిది, సెమ్యోనొవ్‌స్కీవానిది లేత నీలము. అంగరక్షక హుస్సారులది ఎర్రని చొక్కా, అశ్వికాంగరక్షకులది తెల్లనిది. ఆవము వేడికి ఎరుపు కాస్త గోధుమవన్నెకు తిరిగితే పటాలమే మారిపోతుంది. చూచేవాడు రష్యా దేశములోకెల్ల ఆ రంగులు బాగా తెలిసినవాడు. మూల చిత్రములు చాలావరకు ముద్రిత చిత్రపటములు: యుద్ధచిత్రకారుడు సవెర్‌వైదు, సైనికాధికారియైన లెవ్ కీల్ వంటివారు గీసినవి. వాటిని పింగాణిమీదికి దించినవారు కర్మాగారపు చిత్రకారులు. దలదూగిన్, స్తొలేతొవ్ వంటి పేర్లు పళ్లెముల వెనుక కనిపిస్తవి. కర్మాగారమునకే అంటిపెట్టబడి, తండ్రి పని కొడుకు నేర్చుకొంటూ తరతరములు అక్కడే బ్రదికిన కుటుంబములవారు వారిలో అనేకులు.

సైనికుల దుస్తులపై నికొలాసుకు ఉన్నది వినోదము కాదు, దీక్ష. 1827లో అధికారుల భుజకీర్తులపై హోదానుబట్టి నక్షత్రములు పెట్టించినాడు. 1844లో పొడుగాటి షాకో టోపీలను తీసివేసి, కొనదేలిన తోలు శిరస్త్రాణములు ప్రవేశపెట్టినాడు. పళ్లెముపై సంవత్సరము చెరిగిపోయినా టోపీనిబట్టి కాలము చెప్పవచ్చునంటే ఇందువలననే. పౌర ఉద్యోగులు మీసములు, గడ్డములు పెంచరాదని 1837లో ఆజ్ఞాపించినాడు. మీసము సైనికుని సొత్తు. అతని ఆనతిచొప్పున విస్కొవాతొవ్ అనే అధికారి రష్యా సైనికుల ప్రాచీన, నవీన వేషములను, ఆయుధములను వర్ణిస్తూ 1841లో ఆరంభించిన సచిత్ర గ్రంథము ముప్పై భాగములకు పెరిగినది. అది 1862లో ముగిసేసరికి చేయించినవాడు లేడు.

పనిలో అతనికి అలసట లేదు. తెల్లవారుజామున లేచేవాడు. తాగుడు లేదు, పొగ లేదు. ఇనుప మంచముమీద గడ్డిపరుపు. కప్పుకోవడానికి సైనికుని పొడుగుచొక్కా. చట్టములన్నిటినీ క్రోడీకరింపజేసినాడు. దేశములో మొదటి రైలుమార్గములు వేయించినాడు. రైతుల దాస్యము చెడ్డదని అతనికి తెలుసు. దానిగురించి రహస్య సంఘములు వేసి, మళ్లీ వేసి, చేయి పెట్టడానికి వెనుకాడినాడు. ఈ మాటలు చెప్పకపోతే అతనికి అన్యాయము చేసినట్లే.

కాని పళ్లెములపై కనిపించని సంగతి ఒకటి ఉన్నది. ఆ చక్కని దుస్తులలోని మనిషి దాస్యములోని పల్లెనుండి వచ్చినవాడు. అతని కొలువు పాతిక సంవత్సరములు. ఇంటినుండి బయలుదేరేనాడు తల్లి శవమును సాగనంపినట్లు ఏడ్చేది. తప్పు చేసినవానిని చొక్కా విప్పించి, బెత్తములు పట్టుకొన్న రెండు బారుల సైనికుల నడుమ నడిపించేవారు. ప్రతివాడూ ఒక దెబ్బ కొట్టాలె. 1827లో, మహమ్మారి కాపలాను దాటిన ఇద్దరికి మరణశిక్ష విధించమని కోరగా, రష్యాలో మరణశిక్ష లేదని, దానిని తాను తిరిగి తేబోనని చెప్పి, వేయిమంది నడుమ పన్నెండుసార్లు నడిపించమని నికొలాస్ వ్రాసినాడు. పన్నెండువేల దెబ్బలు బ్రదికియుండి తినగల మనిషి లేడని అతనికి తెలియనిది కాదు. ప్రజలు అతనికి పాల్కిన్ అని పేరుపెట్టినారు. పాల్కా అంటే కర్ర. ఆ పేరుతోనే టాల్‌స్టాయి తరువాతికాలములో ఒక వ్యాసము వ్రాసినాడు.

చిత్రకళపై అతని అధికారము ఎంత దూరము పోయినదో తరాస్ షెవ్‌చెంకో కథ చెబుతుంది. అతడు ఉక్రెయినులో దాసుడై పుట్టిన చిత్రకారుడు, కవి. 1838లో బ్ర్యుల్లొవ్ గీసిన జుకోవ్‌స్కీ చిత్రమును రాజకుటుంబపు వలయములో లాటరీ వేసి, వచ్చిన 2500 రూబుళ్లతో అతని స్వేచ్ఛను కొన్నారు. తొమ్మిదేండ్లు గడిచినవి. 1847లో అతని పద్యములు పోలీసుల చేతికి చిక్కినవి. అతనిని ఓరెన్‌బర్గు ప్రాంతమునకు సామాన్య సైనికునిగా పంపే తీర్పుపై, వ్రాయకుండా, బొమ్మలు గీయకుండా గట్టిగా చూడవలెనని నికొలాస్ స్వయముగా చేర్చినాడు. తాను బొమ్మలు గీయగలవాడు, గీయడములోని సుఖము ఎరిగినవాడు, శిక్ష ఎక్కడ తగులుతుందో తెలిసి వ్రాసినాడు. రెండేండ్లకు, 1849 డిసెంబరులో, సెమ్యోనొవ్‌స్కీ పటాలము కవాతు మైదానమున డాస్టవ్‌స్కీని, అతని మిత్రులను నిలిపి, తుపాకులు ఎత్తించి, చివరి క్షణమున ప్రాణదానమును ప్రకటించినారు. అదికూడా అడుగులు లెక్కపెట్టి, డప్పులు మ్రోగించి జరిపిన ఒక కవాతే.

1853లో తురుష్కులతో తగవు వచ్చినది. మరుసటి యేడు ఇంగ్లండు, ఫ్రాన్సు తురుష్కుల పక్షమున యుద్ధములో దిగినవి. 1854 సెప్టెంబరులో అల్మా నదియొడ్డున రష్యా పదాతిదళములు గుంపులుగా, బారులు చెదరకుండా నిలిచినవి. కవాతు మైదానమున నేర్పినది అదే. వారి తుపాకులు చాలావరకు నున్నని గొట్టములవి. రెండుమూడు వందల గజములు దాటితే గురి తప్పుతవి. ఎదుటివారి తుపాకి గొట్టములలో మెలికల గాడులున్నవి. అంతకు రెండుమూడింతల దూరమునుండి వారి గుండ్లు వచ్చి తగిలినవి. కొట్టేవాడు కనిపించకముందే మనుషులు కూలినారు. రష్యా తుపాకులను తనిఖీలలో తళతళలాడడానికి ఇటుకపొడితో తోమి తోమి గొట్టములు అరగదీసినారని ఆనాటి వాడుక. దానిని పెట్టి లెస్కొవ్ అనే రచయిత 1881లో ఎడమచేతి కమ్మరి కథ వ్రాసినాడు. ఇంగ్లీషువారు తుపాకులను ఇటుకతో తోమరన్న సంగతి రాజుకు చేర్చమని ఆ కమ్మరి చనిపోతూ వేడుకొంటాడు, ఎవరూ చేర్చరు.

మాస్కోకు రైలు 1851లో వచ్చినది. మాస్కో నుండి క్రిమియాకు లేదు. మందుగుండు, రొట్టె, గాయపడినవారు, అన్నీ బురదలో ఎద్దుబండ్లమీదనే. శత్రువు ఆవిరి ఓడలలో వేల మైళ్లు దాటి వచ్చినాడు. సెబాస్టపోల్ నగరములో ఖలాసీలు, సిపాయిలు మట్టికట్టలవెనుక మాసిన బట్టలతో నిలిచి, ఎవరూ ఊహించని ధైర్యముతో పదకొండు నెలలు పోరాడినారు. వారి కాలరు రంగు ఎవరికీ పట్టలేదు.

1855 ఫిబ్రవరిలో నికొలాసుకు జలుబు చేసినది. గడ్డకట్టే చలిలో, వైద్యులు వద్దంటున్నా, యుద్ధమునకు పోయే దళములను చూచి పంపడానికి వెళ్లినాడు. వ్యాధి ఊపిరితిత్తులకు దిగినది. ఆ పడకలో ఉండగానే యెవ్‌పతోరియాలో తన సేన ఓడినదని వార్త వచ్చినది. విషము తీసుకొన్నాడని నగరమంతా చెప్పుకొన్నారు. ఆ మాటకు ఆధారము దొరకలేదు. ఫిబ్రవరి 18న, కొత్త పంచాంగము ప్రకారము మార్చి 2న, రాజప్రాసాదపు క్రింది అంతస్తున చిన్న గదిలో, ఆ ఇనుప మంచముమీద, ఆ సైనికుని పొడుగుచొక్కా క్రింద కన్నుమూసినాడు. ఏబది యెనిమిదేండ్లు నిండి ఏడు నెలలు దాటినవి. ఆరు నెలల తరువాత సెబాస్టపోల్ పడిపోయినది.

కొడుకు రెండవ అలెగ్జాండరు తొలిరోజులలోనే సైనికుల దుస్తులను మార్చినాడు. నెవా ఒడ్డున చిత్రకారులు కొత్త చొక్కాలు గీయడము నేర్చుకొన్నారు. 1917 విప్లవము తరువాత రాజగృహముల పింగాణి చెదరిపోయినది. కొంత మ్యూజియములకు చేరినది. 1920ల, 1930ల అమ్మకములలో కొంత విదేశములకు పోయినది. నికొలాస్ కాలపు పళ్లెములు లండను, న్యూయార్కు వేలములలో పాట పాడుకొన్న ధనికుల బీరువాలు చేరినవి. కర్మాగారములో మాత్రము జారుల కాలమున కాల్చి, ఇంకా బొమ్మ వేయని తెల్లపళ్లెముల దొంతరలు మిగిలినవి. కొత్త ప్రభుత్వపు చిత్రకారులు వాటినే తీసుకొని, వెనుకనున్న రాజముద్రను రంగుమచ్చతో కప్పి, ప్రక్కన కొడవలి సుత్తి ముద్ర వేసి, ముందువైపున ఎర్రసైన్యపు నక్షత్రమును, టోపీపెట్టిన సిపాయిని గీసినారు.